డి మియోలా తొలి సోలో ఆల్బమ్‌లోని మ్యూట్ పికింగ్ నాకెందుకు రావడం లేదు?

జాజ్-రాక్ గిటారిస్ట్ ఆల్ డి మియోలా 'ల్యాండ్ ఆఫ్ ద మిడ్‌నైట్ సన్' విని, అందులోని మ్యూట్ పికింగ్ (అరచేతి అంచు తీగలకి ఆనించి మీటడం) వాయించబోతే స్వరం పలకట్లేదని, ఠక్ ఠక్‌మని చప్పుడే వస్తోందని రాశారు. పెడల్ కొనకండి. ముందు కుడి అరచేయి ఎక్కడ ఆనుతోందో చూసుకోండి.

చిటికెనవేలి వైపు అంచు సరిగ్గా బ్రిడ్జ్ శాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చోట్లు) మీద ఉండాలి. అక్కడినుంచి రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకొచ్చినా స్వరం చచ్చిపోతుంది. ఇంకో తీగ మీదికి వెళ్లేటప్పుడు మణికట్టు ఒకచోట పాతేసి చేయి తిప్పుతారు చాలామంది. దాంతో ఒక్కో తీగ మీద మ్యూట్ ఒక్కోలా పడుతుంది. చేయి మొత్తం జరగాలి. డి మియోలాది లెస్ పాల్, బ్రిడ్జ్ కదలదు. మీది ట్రెమొలో (బ్రిడ్జ్ కదిలే) గిటార్ అయితే చేతి బరువుకి శ్రుతి పెరుగుతుంది, వెనక స్ప్రింగులు బిగించి బ్రిడ్జ్‌ని చెక్కకి ఆనించండి.

పిక్ మందం ఒక మిల్లీమీటరుకి తగ్గకూడదు. పల్చటిది వంగి, ఆలస్యంగా తిరిగొస్తుంది. సాధన క్లీన్ టోన్‌లోనే. డిస్టార్షన్ ఉంటే హెచ్చుతగ్గులు చెవికి దొరకవు. మ్యూట్ తీసేసి అదే ముక్క వాయించండి. అప్పుడూ ఠక్‌మంటే తప్పు ఎడమచేతిది: వేలు ఫ్రెట్ చేరేలోపే పిక్ తగులుతోందన్నమాట.

మెట్రోనోమ్ 60లో, ఒకే తీగ మీద, దెబ్బకి నాలుగు స్వరాలు. ఈ చతురశ్రం కుదిరాక తిశ్రం (దెబ్బకి మూడు) పట్టండి. అసలు చిక్కు ఇక్కడే. కింద-మీద-కింద అయ్యాక రెండో దెబ్బ అప్‌స్ట్రోక్‌తో మొదలవుతుంది. దాని మీద ఊనిక తప్పితే లయ కుంటుతుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లు వేగంలో కన్నా ఇక్కడే ఎక్కువ తడబడతారు. తీగకి మూడు స్వరాల స్కేల్లోనూ ఇదే తంటా: తీగ మార్పు ఒకసారి కింది దెబ్బతో, ఒకసారి మీది దెబ్బతో ముగుస్తుంది. రెండు తీగల మధ్య పిక్ ఇరుక్కునే మార్పుని విడిగా తీసి, జి-బి తీగల మీద ఒక్కో స్వరంతోనే అరగదీయండి. ఊనిక సమంగా పడ్డాకే నాలుగేసి బీట్లు పెంచండి.

ఇక పాటల వరస. చిక్ కొరియా బృందం రిటర్న్ టు ఫరెవర్‌లో 19 ఏళ్లకే చేరిన డి మియోలా 1976లో తెచ్చిన ఈ రికార్డులో పాటకో బృందం ఉంటుంది. ముందు 'ద విజర్డ్' తీసుకోండి. స్టీవ్ గాడ్ డ్రమ్స్ గట్టి ఆధారం, మీ తిశ్రం ఎక్కడ జారిందో వెంటనే తెలిసిపోతుంది. 'గోల్డెన్ డాన్' సూట్‌ని ప్రస్తుతానికి వినడానికే ఉంచండి, అందులో జాకో పాస్టోరియస్ బేస్ ఒక్కటీ పట్టుకుని వింటే చాలు. చిక్ కొరియా పియానోతో కలిసి అకూస్టిక్ మీద వాయించిన 'షార్ట్ టేల్స్ ఆఫ్ ద బ్లాక్ ఫారెస్ట్' మాత్రం ఆఖరున. యాంప్ లేదు, సస్టెయిన్ (స్వరం సాగి నిలవడం) లేదు, ప్రతి దెబ్బా విడిగా వినబడుతుంది. ఆ పాటకి చేతులు సిద్ధం కావాలంటే పై సాధనలన్నీ అకూస్టిక్ గిటార్ మీద, మ్యూట్ లేకుండా మళ్లీ 60 నుంచి మొదలుపెట్టాలి.