పాలు మానండి, పాలివ్వడం మానకండి

(పిల్లల ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలకు తిరుపతి పిల్లల డాక్టరమ్మ జవాబులు)

ప్రశ్న: మేడం, మాది చిత్తూరు. పాపకు రెండో నెల నడుస్తోంది. నా పాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. పోయిన వారం నుంచి దొడ్డికి పోయినప్పుడు జిగురు, అందులో సన్నగా రక్తపు చారలు కనిపిస్తున్నాయి. పాప మాత్రం బాగా తాగుతోంది, నవ్వుతోంది, బరువూ పెరిగింది. చూపిస్తే, 'తల్లి తిండి పడటం లేదు, డబ్బా పాలకు మార్చండి' అన్నారు. మా అత్తమ్మ పప్పు, వంకాయ, గుడ్డు, సెనిక్కాయలు, పెరుగు అన్నీ మాన్పించి మిరియాల చారన్నం పెడుతున్నారు. 'బాలింతకు పాలు పడాలంటే పాలు తాగాలి' అని పొద్దునా రాత్రీ పెద్ద గ్లాసుతో పాలు మాత్రం ఇస్తున్నారు. మొన్న కొండ నుంచి లడ్డూ వస్తే అదీ తిననివ్వలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను ఏం తినాలి, ఏం మానాలి?
– ఒక బాలింత, చిత్తూరు

జవాబు: ముందు ఆ డబ్బా కొనకండి. కొనేసి ఉంటే మూత తీయకండి. మీ పాపకు పడనిది బహుశా ఆవుపాల ప్రొటీన్. మామూలు డబ్బా పొడి తయారయ్యేది ఆ ఆవుపాలతోనే. మీరు తాగిన పాలలోంచి మీ చనుబాలలోకి చేరే ప్రొటీన్ లవలేశం. డబ్బాకు మారితే అదే ప్రొటీన్‌ను పాప కడుపులోకి నేరుగా పోసినట్టు. ఈ సలహా నా దగ్గరికి వచ్చే తల్లులు కూడా చెబుతుంటారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

మీరు రాసిన లక్షణాలను ఎలర్జిక్ ప్రాక్టోకొలైటిస్ అంటాం. పుట్టిన కొన్ని వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లల్లో కనిపిస్తుంది. పెద్దపేగు చివర కొద్దిగా వాచి రక్తం చారలుగా వస్తుంది. బిడ్డ హుషారుగానే ఉంటుంది, గుడ్డ మార్చేవాళ్లకే ప్రాణం పోతుంది. అయితే నేను పాపను చూడలేదు కాబట్టి మూడు విషయాలు మీ డాక్టరుతో తేల్చుకోండి. పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ పడిందా? మలద్వారం దగ్గర చిన్న చీలిక ఉందా? మీ చనుమొన పగిలి, ఆ రక్తం పాప మింగుతోందా? ఇవి కాదని తేలాకే తిండి సంగతి.

మీ అత్తమ్మగారిని తప్పు పట్టను. కానీ పథ్యం తలకిందులైంది. వంకాయ ఏ పాపం చేసింది? ఇంట్లో అన్నీ ఆపారు, ఆపాల్సిన గ్లాసు మాత్రం రోజుకు రెండుసార్లు మీ చేతికి వస్తోంది. ఇకనుంచి పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పన్నీరు, కోవా పూర్తిగా ఆపండి. కాఫీలో రెండు చెంచాలే కదా అనుకుంటే లెక్క చెడిపోతుంది. ఎనుము పాలు, మేక పాలు కూడా పనికిరావు. వాటి ప్రొటీన్లకూ ఆవుపాల ప్రొటీన్లకూ దగ్గర పోలిక ఉంటుంది. లాక్టోజ్ తీసేసిన పాలు తాగొచ్చా అని కొందరు అడుగుతారు. లాక్టోజ్ పాలలో ఉండే చక్కెర, ఇక్కడ గొడవ ప్రొటీన్‌తో. పైగా మీరు ఏం తిన్నా, తినకపోయినా మీ చనుబాలలో లాక్టోజ్ ఉండనే ఉంటుంది.

కనిపించకుండా దూరే పాలు వేరే ఉన్నాయి. బాలింతల కోసమని అమ్మే ప్రొటీన్ పౌడర్ల మీద చూడండి, చాలావాటిలో పాలపొడే ముందుంటుంది. బిస్కెట్లు, బ్రెడ్డు, చాక్లెట్లు కూడా అంతే. ప్యాకెట్ వెనక 'మిల్క్ సాలిడ్స్', 'వే', 'కేసిన్' అని ఉంటే పక్కన పెట్టేయండి. పాలున్న ప్యాకెట్ మీద ఆ మాట వేయాలని మన దేశంలో నిబంధన ఉంది. హోటల్ పొంగలిలో నెయ్యి ఉంటుంది. ఇడ్లీ, చట్నీ తినండి.

లడ్డూ విషయంలో అత్తమ్మగారి మాటే నిజం, కారణమే వేరు. శెనగపిండి, జీడిపప్పు వల్ల భయం లేదు, నెయ్యి వల్లే. నెయ్యిలో ప్రొటీన్ చాలా తక్కువే, కానీ ఈ కొద్ది వారాలూ సందేహానికి చోటివ్వొద్దు. కళ్లకద్దుకుని పక్కింటికి పంపండి, పుణ్యం మీకే.

మూడు నాలుగు రోజుల్లో తేడా మొదలవుతుంది. చారలు పూర్తిగా పోవడానికి రెండు వారాలు, కొందరికి నాలుగు వారాలు పడుతుంది. పోయాక మళ్లీ పాలు తాగి చూడాలి. ఇక్కడే నా దగ్గరికి వచ్చే తల్లులు సగం మంది ఆగిపోతారు. 'తగ్గింది కదా మేడం, మళ్లీ కదిలించడం ఎందుకు?' అంటారు. కదిలించాలి. కొందరు పిల్లల్లో ఈ రక్తం ఏమీ మానకపోయినా దానంతట అదే ఆగుతుంది. మీరు మళ్లీ పాలు తాగిన కొద్ది రోజుల్లో చారలు తిరిగొస్తే ఎలర్జీ ఖాయం. అప్పుడు డాక్టరు చెప్పేదాకా, ఎక్కువ మందికి పాపకు తొమ్మిది నెలలు లేదా ఏడాది వచ్చేదాకా, పాలు మానాలి. తిరిగి రాకపోతే మీ పెరుగన్నం మీరు హాయిగా తినండి. ఇలాంటి పిల్లల్లో ఎక్కువ మందికి ఏడాది నిండేసరికి పాలు పడతాయి.

పాలు మానినా తగ్గకపోతే అప్పుడు సోయా, అంటే మీల్‌మేకర్ లాంటివి, ఆ తర్వాత గుడ్డు ఒక్కొక్కటిగా ఆపి చూస్తాం. ఒకేసారి అన్నీ ఆపితే ఏది పడలేదో దేవుడికి కూడా తెలియదు.

ఇక మీ పళ్లెం. పప్పు, గుడ్డు, కూరలు, సెనిక్కాయలు ఈరోజే వెనక్కి తెచ్చుకోండి. పాలు ఆపితే క్యాల్షియం తగ్గుతుంది, పాలిచ్చే తల్లికి రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలి. మన రాగి సంగటి ఉంది కదా, వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మునగాకు పప్పు, నువ్వుల పొడి, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు కలిపితే ఇంకా కొంత వస్తుంది. అయినా మాత్ర మానొద్దు. ప్రసవం తర్వాత ఆరు నెలల పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే క్యాల్షియం మాత్రలు రోజుకు రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు, విటమిన్ డి కూడా అందులోనే ఉంటుంది. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోకండి.

రక్తం చారలు దాటి ఎక్కువైనా, ఎర్ర జెల్లీలా పడుతూ పాప ఆగి ఆగి గుక్కపట్టి ఏడ్చినా, ఆకుపచ్చగా వాంతులు చేసుకున్నా, డీలా పడినా, జ్వరం వచ్చినా తిండి ప్రయోగాలు కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది వేరే జబ్బు కావచ్చు.

ప్రశ్న: ఎలర్జీకి రక్తపరీక్ష ప్యాకేజీ ఉందట, వందల పదార్థాలు ఒకేసారి తేలుస్తారట. తల్లిపాలు తాగే మా బాబుకు దొడ్డిలో రక్తపు చారలు తప్ప వేరే లక్షణాలు లేవు. చేయించమంటారా?
– ఒక తండ్రి, తిరుపతి

జవాబు: వద్దు. ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) అని చెప్పి అమ్మే ఆ ప్యాకేజీలు ఎలర్జీని తేల్చవు, ఆ పదార్థం ఒంటికి పరిచయమని మాత్రమే చెబుతాయి. మీవాడిలో చారలు తప్ప వేరే లక్షణాలు లేవన్నారు, ఈ రకానికి ఐజీఈ (వెంటనే వచ్చే ఎలర్జీలకు సంబంధించిన యాంటీబాడీ) పరీక్ష కూడా మామూలుగానే వస్తుంది. తల్లి మానడం, మళ్లీ తినడం, అదే పరీక్ష. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చే పిల్లల సంగతి వేరు, వాళ్లకు ఐజీఈ పనికొస్తుంది.

ప్రశ్న: నేను సెనిక్కాయలు తింటే రేపు బాబుకు ఎలర్జీ వస్తుందని చదివాను. మాది సెనక్కాయ పండించే ఇల్లు, ఊరిబిండి లేకుండా ముద్ద దిగదు.
– ఒక తల్లి, పలమనేరు

జవాబు: దిగనివ్వండి. బిడ్డకు ఏ లక్షణమూ లేకుండా, రాకుండా ముందు జాగ్రత్తగా తల్లి తిండి మానాలని ఇప్పుడెవరమూ చెప్పం. నేను చదువుకునే రోజుల్లో వేరేగా చెప్పేవారు. బిడ్డ తిండి విషయంలోనైతే 2015లో లండన్ నుంచి వచ్చిన లీప్ అధ్యయనం లెక్కే మార్చేసింది. ఎగ్జిమా (చర్మం ఎండి దురదపెట్టే జబ్బు) తీవ్రంగా ఉన్న, లేదా గుడ్డు పడని 640 మంది పసివాళ్లలో, నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య వేరుశెనగ మొదలుపెట్టి మానకుండా తిన్నవాళ్లకు ఐదేళ్ల వయసులో ఆ ఎలర్జీ, దూరం పెట్టినవాళ్లకంటే దాదాపు 80 శాతం తక్కువగా వచ్చింది. మీ బాబుకు ఆరు నెలలు నిండాక మెత్తగా నూరి, జావలో కలిపి కొద్దిగా మొదలుపెట్టండి. ఎగ్జిమా ఎక్కువగా ఉంటే ముందు డాక్టరును అడగండి. గింజలు మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా చేతికివ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి.

ప్రశ్న: ఆవుపాలు పడని బిడ్డకు గాడిదపాలు మంచివంటూ మా వీధికి తెచ్చి అమ్ముతున్నారు. ఒక ఉగ్గుగిన్నెడు పోయొచ్చా?
– ఒక అమ్మమ్మ, తిరుపతి

జవాబు: పోయొద్దమ్మా. కాచని పాలు, కడగని గిన్నె, నెలల బిడ్డ. ఎలర్జీ సంగతి అటుంచి విరేచనాలు పట్టుకుంటాయి. ఆ డబ్బుతో మీ అమ్మాయికి రాగులు, నువ్వులు కొనిపెట్టండి.