అనంతపురం నుంచి వెళ్లినవాళ్లకు హాంకాంగ్ రేవు ఎలా కనిపించింది

మీ ప్రశ్న ఇది: భార్యాభర్తలిద్దరూ మొదటిసారి దేశం దాటుతున్నారు, హాంకాంగ్‌కు టిక్కెట్లు తీసుకున్నారు. కడప నుంచి వెళ్లేవాళ్లకు అలాంటి రేవు నగరం చూడగానే ఏమనిపిస్తుంది, ఎక్కడ మొదలుపెడితే మంచిది, మూడు రోజులు చాలుతాయా అని అడిగారు. మాది అనంతపురం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను, మా ఆయనకు బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. కింద రాసే సంగతులన్నిటి మీదా ఈ రెండు వృత్తుల నీడ పడుతుంది, సర్దుకుని చదవండి.

సముద్రం మాకు కొత్త కాదు. చెన్నైలో చూశాం, విశాఖలో చూశాం. అక్కడ ఇసుకలో కూర్చుని, కాళ్లు తడుపుకుని, మొక్కజొన్న కంకి తిని తిరిగొస్తాం. హాంకాంగ్‌లో సముద్రం ఎదురుగా ఉండదు, ఊరి నడుమ ఉంటుంది. ఇటు కౌలూన్, అటు హాంకాంగ్ దీవి, మధ్యలో విక్టోరియా రేవు. ఇస్త్రీ చొక్కాలవాళ్లు, కూరగాయల సంచులు పట్టుకున్న ముసలమ్మలు, బడిపిల్లలు పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు పోతుంటారు. వాళ్లలో ఒక్కరూ తలెత్తి నీళ్ల వైపు చూడరు. మమ్మల్ని మొదట ఆశ్చర్యపరిచింది మేడలు కాదు, ఈ నిర్లక్ష్యం. ఇంత నీటిని ఇంత మామూలుగా వాడుకునే జనాన్ని మేం అంతకు ముందు చూడలేదు.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలు ఉంది, 24 నిమిషాల్లో హాంకాంగ్ దీవిలోని సెంట్రల్ ప్రాంతంలో దింపుతుంది. మీరు మాత్రం అది ఎక్కకండి. ఏ21 నంబరు డబుల్ డెక్కర్ బస్సు ఎక్కి పై అంతస్తులో ముందు సీటు పట్టుకోండి. కాస్త ఆలస్యమైనా రేవు ఎలా పనిచేస్తుందో దారిలోనే అర్థమవుతుంది. ముందు సింగ్ మా వంతెన వస్తుంది. 1997లో తెరిచిన వేలాడే వంతెన, రెండు స్తంభాల నడుమ దూరం 1,377 మీటర్లు. మన బస్సు పైన పోతుంటే వంతెన కడుపులోంచి రైలు పోతుంది. అది దాటాక క్వాయ్ చుంగ్ వైపు కంటైనర్ల రేవు కనిపిస్తుంది. ఇనుప పెట్టెలు అంతస్తులుగా పేర్చి ఉంటాయి, వాటి మీద వరసగా క్రేన్లు. 2004 వరకు ఎన్నో ఏళ్లు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ కంటైనర్లు దిగిన రేవు ఇదే. తర్వాత సింగపూర్, షాంఘై దాన్ని దాటిపోయాయి. నేను పాఠం చెప్పే ధోరణిలో ఇదంతా మొదలుపెట్టాను. మా ఆయన విన్నట్టే లేరు. క్రేన్లన్నీ వెనక్కి వెళ్లిపోయాక, "ఇన్నిటికి మోటార్లు ఎవరు చుడతారో" అన్నారు.

బసకు కౌలూన్ ఒడ్డున ఉన్న చిమ్ షా చుయ్ తీసుకోండి. గదులు చాలా చిన్నవి. పెట్టె తెరవాలంటే ఒకరు మంచమెక్కాలి. అక్కడ డబ్బు గదికి కాదు, అది ఉన్న చోటుకు కడతాం. రేవు నడిచివెళ్లే దూరంలో ఉంటుంది.

మొదటి సాయంత్రం వేరే ఏ పనీ పెట్టుకోకుండా స్టార్ ఫెర్రీ ఎక్కండి. పడవల రేవు పక్కనే ఎర్ర ఇటుకల గడియార స్తంభం ఉంటుంది. 1915లో కట్టినది, 44 మీటర్ల ఎత్తు. పాత రైల్వే స్టేషన్‌ను 1978లో కూల్చేసినప్పుడు ఇది ఒక్కటే మిగిలింది. ఇక్కడి నుంచి సెంట్రల్‌కు పడవ పది నిమిషాల్లోపే చేరుతుంది, ఛార్జీ మన డబ్బుల్లో వంద రూపాయల లోపే. ఈ పడవల వ్యాపారాన్ని 1888లో నిలబెట్టింది మన దేశం నుంచి వెళ్లిన పారసీ వర్తకుడు దొరాబ్జీ నౌరోజీ. ఈ సంగతి మా తొమ్మిదో తరగతికి చెబితే, పడవ గురించి వదిలేసి ఆయన ఎంత సంపాదించాడని అడిగారు.

పడవను దగ్గరగా గమనించండి. దానికి ముందూ వెనుకా అంటూ లేవు. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి, రెండు వైపులా ప్రొపెల్లర్లున్నాయి, అందుకే ఒడ్డుకు చేరాక తిప్పాల్సిన పని లేదు, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మరి కూర్చున్నవాళ్ల సంగతి? చెక్క బెంచీల వీపును చేత్తో పట్టి అటు నుంచి ఇటు తోయవచ్చు. ఎక్కినవాళ్లు కూర్చునే ముందు టకటకా తోసుకుంటారు, పడవంతా ఆ చప్పుడే. ఒడ్డు దగ్గరపడగానే నీలం బట్టల్లో ఉన్న పనివాడు అరచేయంత మందం ఉన్న తాడును విసురుతాడు. రేవు మీద నిలబడ్డ మనిషి కొక్కెం ఉన్న కర్రతో దాన్ని గాలిలోనే అందుకుని ఇనుప గుంజకు తగిలిస్తాడు. తాడు కిర్రుమని బిగుస్తుంది, పడవ ఒక్కసారి ఊగి ఆగుతుంది, చెక్క పలక ధన్‌మని కిందికి దిగుతుంది. ఈ పని రోజంతా జరుగుతూనే ఉంటుంది, తాడు గురి తప్పడం మేం చూడలేదు. పై అంతస్తులో గాలి బాగుంటుంది. మా ఆయన మాత్రం కింది అంతస్తే కావాలన్నారు, ఇంజను అక్కడ కాళ్ల కింద తెలుస్తుందట. డీజిలు వాసన నాకు పడదు. పోయేటప్పుడు కింద, వచ్చేటప్పుడు పైన అని రాజీ పడ్డాం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంత త్వరగా తేలిన తగవు మరొకటి లేదు.

రాత్రి ఎనిమిదికి మేడల మీద లైట్ల ఆట ఉంటుంది. దాని కోసం గంట ముందు వెళ్లి చోటు పట్టుకోమని అందరూ చెబుతారు. నా మట్టుకు నాకు అది తిరునాళ్ల లైటింగుకన్నా గొప్పగా ఏమీ అనిపించలేదు. ఆట ముగిసి జనం లేచిపోయాక, మామూలుగా వెలిగే కిటికీల వెలుగు నీళ్లలో పడుతుంది, అది చూడండి.

దీవి వైపు దిగాక ట్రామ్ ఎక్కండి. 1904 నుంచి నడుస్తోంది, ఇవీ రెండంతస్తులవే. వెనుక నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు డబ్బులు కట్టాలి. ఆక్టోపస్ కార్డు తీసుకుంటే బస్సుకు, పడవకు, ట్రాముకు, అంగళ్లకు అదే పనికొస్తుంది. ట్రామ్ దారి చాలా చోట్ల పాత సముద్రపు ఒడ్డు వెంబడే పోతుంది, కానీ ఇప్పుడు అక్కడి నుంచి నీళ్లు కనిపించవు. బ్రిటిష్‌వాళ్లు వచ్చిన కొత్తలో ఒడ్డున ఉన్న క్వీన్స్ రోడ్డు ఈనాడు ఎన్నో వీధులు లోపలికి పోయింది. సముద్రంలో మట్టి పోసి పోసి ఊరిని ముందుకు జరుపుకున్నారు. ఇలాగే పోతే రేవు కాలువగా మారుతుందని జనం గొడవ చేస్తే, 1997లో రేవును కాపాడేందుకు చట్టమే తెచ్చారు. చెరువుల్లో ప్లాట్లు వేసే మన ఊళ్లలో ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

ఇక నీళ్ల సంగతి. ఇది రాయడానికే నేను కూర్చున్నాను.

బస గదిలో మరుగుదొడ్డి ట్యాంకు దగ్గర ఇత్తడి బిళ్ల చుట్టూ తెల్లగా పొక్కు కట్టి ఉంది. మా ఆయన గోటితో గీకి, నాలుక మీద పెట్టుకున్నంత పని చేశారు. నేను అరిచాను. "ఉప్పునీళ్లు" అన్నారు. కింద కౌంటర్లో అడిగితే ఆ అమ్మాయి నవ్వి, అవును, అది సముద్రపు నీరే అంది. ఆ నగరంలో సుమారు 85 శాతం జనానికి మరుగుదొడ్లలో పారేది సముద్రపు నీరే. దానికి వేరే పైపులు, వేరే పంపులు. 1950ల చివర మొదలుపెట్టి ఇంటింటికీ తీసుకెళ్లారు. మంచినీళ్లు అంత పొదుపుగా వాడాల్సిన అవసరం వాళ్లకు ఎందుకొచ్చింది? హాంకాంగ్‌లో ఏడాదికి సగటున 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో 550 పడితే మంచి ఏడు. నాలుగింతలు పైనే కురిసినా అక్కడ పెద్ద నది లేదు, కొండలు నిటారుగా ఉంటాయి, రాతినేలలో భూగర్భ జలమూ అంతంతే. పడిన వాన పడినట్టే సముద్రం పాలు. 1963లో కరువొచ్చి, నాలుగు రోజులకోసారి నాలుగు గంటలు నీళ్లు వదిలారు. ఇది చదవగానే మా వీధి కొళాయి, వరస పెట్టిన బిందెలు నా కళ్ల ముందు మెదిలాయి. ఆ కరువు తర్వాత 1965 నుంచి చైనా గ్వాంగ్‌డాంగ్ వైపున్న డాంగ్‌జియాంగ్ నది నీటిని కొనుక్కుంటున్నారు. ఇప్పటికీ వాళ్లు వాడే మంచినీటిలో 70 నుంచి 80 శాతం అదే. మనకు తుంగభద్ర నుంచి వచ్చే ఎగువ కాలువ హెచ్చెల్సీ ఎలాగో, వాళ్లకు ఆ పైపులు అలాగ. చుట్టూ నీళ్లున్న ఊరు మంచినీళ్లకు పొరుగువాళ్ల మీద ఆధారపడిందని తెలిశాక, మేడలు చూసి మాలో పుట్టిన బెరుకు సగం తగ్గింది.

అందుకే పర్యాటకులు పెద్దగా పోని ఒక చోటికి మిమ్మల్ని పొమ్మంటాను. తాయ్ పో మార్కెట్ రైలు స్టేషన్ నుంచి 75కె బస్సు ఎక్కితే తాయ్ మెయ్ తుక్ అనే చోట దింపుతుంది. అక్కడ ప్లోవర్ కోవ్ జలాశయం ఉంది. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ మూతికి రెండు కిలోమీటర్ల కట్ట వేసి, లోపలి ఉప్పునీటిని తోడేసి, మంచినీళ్లు నింపారు. 1968లో పూర్తయింది. కట్ట మీద నడుస్తుంటే బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ఉన్నట్టే ఉంటుంది, కాకపోతే ఒక పక్క మంచినీళ్లు, మరో పక్క సముద్రం. పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. మా ఆయన రెండు పక్కలా నీటి మట్టం ఎంత తేడాలో ఉందో చూసుకుంటూ కట్ట చివరిదాకా నడిచారు. ఊరంతా తిరిగినా ఆయన ఇంకో రోజు వద్దామని అడిగింది ఈ ఒక్క చోటికే.

తిండి విషయానికొస్తే, శాకాహారులైతే జాగ్రత్త. ఉత్త ఆకుకూర అని చెప్పిన దానిలోనూ ఆల్చిప్పల సాస్ పోస్తారు. నేథన్ రోడ్డులో 1961లో కట్టిన చుంగ్‌కింగ్ మాన్షన్స్ అనే పెద్ద పాత భవనం ఉంది. కింద అంగళ్లవాళ్లు గడియారాలు కొనమని చేతులు పట్టుకున్నంత పని చేస్తారు, పట్టించుకోకుండా లిఫ్టు వరసలో నిలబడండి. పై అంతస్తుల్లో మన దేశపు భోజనం దొరుకుతుంది. చెనిక్కాయల పొడి ఒక డబ్బా వెంట తీసుకెళ్లండి, అన్నం ఎక్కడైనా దొరుకుతుంది. షెంగ్ వాన్ వైపు ఎండబెట్టిన చేపలు, రొయ్యలు, ఇంకా పేరు తెలియని సముద్రపు జీవాల అంగళ్లు వీధి పొడుగునా ఉంటాయి. ఆ వాసన తట్టుకోగలిగితే రేవు నగరం ఏం తిని బతికిందో అక్కడ తెలుస్తుంది. నేను వీధి సగంలో వెనక్కి తిరిగాను.

విక్టోరియా శిఖరానికి 1888 నాటి పీక్ ట్రామ్ ఉంది. దాని వరసలో నిలబడే ఓపిక లేకపోతే సెంట్రల్ నుంచి 15 నంబరు బస్సు కూడా పైకి పోతుంది, ఆ మలుపుల్లోనూ రేవు బాగానే కనిపిస్తుంది.

మీ పాస్‌పోర్టుకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. కానీ 2017 నుంచి మన దేశంవాళ్లు ముందుగానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, రుసుము లేదు. ఆ కాగితం అచ్చు తీసి దగ్గర ఉంచుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్లడం మేలు. వేసవిలో ఉక్క, పైగా తుపాన్లు. 8వ నంబరు హెచ్చరిక ఎగరేశారంటే పడవలు ఆగిపోతాయి, బడులు, ఆఫీసులు మూసేస్తారు, మీరు ఆ చిన్న గదిలో కిటికీ చూస్తూ కూర్చోవాలి.

మూడు రోజులు చాలుతాయా అంటే, పైన చెప్పినవాటికి సరిపోతాయి. నాలుగో రోజు దొరికితే సెంట్రల్ 5వ నంబరు రేవు నుంచి చ్యూంగ్ చౌ దీవికి వెళ్లండి. కార్లు లేని చేపలవాళ్ల ఊరు అది. వేగంగా పోయే పడవలూ ఉన్నాయి గానీ వాటిలో అద్దాల వెనక కూర్చోవాలి. గంట పట్టే మామూలు పడవే ఎక్కండి, వెనుక వైపు బయట కూర్చునే చోటుంది. దానికి కాస్త ఎక్కువ టిక్కెట్టు అడుగుతారు, ఇవ్వండి.