ప్రభువు వద్దన్నాడని నొప్పి మాత్ర మానేయాలా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా అత్తగారికి గర్భసంచి క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాక ఇప్పుడు వెన్నెముకకు పాకింది. ఇక నయం చేయడానికి ఏమీ లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండి అని డాక్టర్లు మార్ఫిన్ మాత్రలు రాశారు. ఆవిడ వేసుకోనంటున్నారు. సిలువ దగ్గర ప్రభువుకి మత్తు ఇవ్వబోతే వద్దన్నాడు, నేను ఈ మాత్రం ఓర్చుకోలేనా అంటారు. రాత్రిళ్లు పిల్లలకు వినబడకూడదని దిండు అంచు నోట్లో పెట్టుకుని ఏడుస్తారు. ప్రార్థనకు వచ్చినవాళ్లలో కొందరు ఆమెది గొప్ప సాక్ష్యం అంటున్నారు, ఒకావిడ మాత్రం విశ్వాసం సరిగ్గా ఉంటే స్వస్థత ఎప్పుడో వచ్చేదన్నారు. క్రీస్తు శ్రమపడ్డాడంటే మనమూ అలాగే పడాలనా?
- పేరు వేయొద్దన్న సోదరి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. అత్తగారిని మాత్ర వేసుకోమనండి. ఈ పత్రిక మీ చేతికొచ్చిన రోజు నుంచే, డాక్టరు రాసిన వేళకి, రాసినంత.

ఆవిడ చెప్పింది బైబిల్లో ఉన్న మాటే. మార్కు 15వ అధ్యాయంలో గొల్గొతా దగ్గర బోళము కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన పుచ్చుకోలేదని ఉంది. మరణశిక్ష పడినవాళ్లకి నొప్పి తెలియకుండా అలాంటి పానీయం ఇచ్చే ఆనవాయితీ గురించి, దాన్ని యెరూషలేములోని గొప్పింటి స్త్రీలు పంపేవారని యూదుల మత పెద్దల బోధల గ్రంథమైన తల్మూదులో కూడా రాశారు. ఎందుకు వద్దన్నాడో మార్కు చెప్పలేదు. తండ్రి ఇచ్చిన గిన్నెను తెలివితోనే, చివరి బొట్టు దాకా తాగాలని వద్దన్నాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, నేనూ అదే నమ్ముతాను. ఆ గిన్నె ఆయనది. లోకపాపం మోసే పని ఆయనకి ఇచ్చారు, మీ అత్తగారికి ఇవ్వలేదు.

అదే సిలువ మీద చివర్లో ఏం జరిగిందో కూడా ఆవిడకి చదివి వినిపించండి. యోహాను 19వ అధ్యాయం. "దప్పిగొనుచున్నాను" అన్నాడు. అక్కడున్నవాళ్లు స్పంజీని చిరకలో, అంటే పులిసిన ద్రాక్షారసంలో, ముంచి హిస్సోపు పుడకకు తగిలించి నోటికి అందిస్తే ఈసారి పుచ్చుకున్నాడు. ప్రతి గుడ్ ఫ్రైడేకి, సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల ఆరాధనలో ఇది ఐదో మాటగా వింటాం, అయితే ప్రసంగీకులం చాలాసార్లు అది ఆత్మల కోసం దప్పిక అని చెప్పి వెంటనే ఆరో మాటకి వెళ్లిపోతాం. ఆ అర్థం తప్పని అనను. కానీ అది ముందు గొంతు దప్పిక. రాత్రంతా విచారణకి తిప్పి, కొరడాలతో కొట్టి, నెత్తురు పోయాక ఎండలో వేలాడదీసిన మనిషికి నాలుక అంగిటికి అంటుకుపోయే దప్పిక. దేవుని కుమారుడు ఆ స్థితిలో తనను చంపుతున్నవాళ్ల ఎదుటే దప్పిక అని చెప్పడానికి నామోషీ పడలేదు. మరి నొప్పిగా ఉందమ్మా అని కోడలితో చెప్పుకోవడానికి మీ అత్తగారు ఎందుకు మొహమాటపడాలి?

ఆయన శరీరధారి అయ్యాడని మనం క్రిస్మస్‌కి పాడుకుంటాం, తర్వాత ఆ శరీరాన్ని మర్చిపోతాం. సంఘం మొదటి రోజుల్లోనే కొందరు, దేవుడికి నొప్పేమిటి, ఆయన బాధపడినట్టు కనిపించాడంతే అని బోధించారు. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ని మృగాలకి వేయడానికి సంకెళ్లతో రోమాకి తీసుకెళుతుంటే, దారిలో స్ముర్న సంఘానికి ఉత్తరం రాస్తూ, అదంతా కనిపించడమే అయితే నా సంకెళ్లు కూడా కనిపించడమేనా అని నిలదీశాడు. నాలుగో శతాబ్దంలో నజియాంజస్ గ్రెగొరీ అయితే, క్రీస్తు దేన్ని తనలోకి తీసుకోలేదో అది స్వస్థపడలేదు అని రాశాడు. అంటే ఆకలి, అలసట, భయం, నరాలు, వెన్నెముక, అన్నీ ఆయన తీసుకున్నాడు. తీసుకున్నది బాగుచేయడానికి. అలా ఆయన ధరించి గౌరవించిన శరీరాన్ని నొప్పికి వదిలేయడం భక్తి ఎలా అవుతుంది?

సువార్తల్లో ఒక్క రోగితోనైనా ఆయన "ఓర్చుకో, అది నీకు మంచిది" అన్నాడేమో వెతకండి. అనలేదు. ముట్టుకున్నాడు, బాగుచేశాడు. గాయపడ్డవాడి కథ చెప్పినప్పుడు కూడా సమరయుడి చేత గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోయించి కట్టు కట్టించాడు. గెత్సేమనేలో తన మట్టుకు తనే, ఈ గిన్నె తొలగించమని అడిగాడు, ఒక్కసారి అడిగి ఊరుకోలేదు కూడా. నొప్పి పోవాలని కోరుకోవడం అవిశ్వాసమైతే ఆ ప్రార్థనని ఏమంటారు?

స్వస్థత ఎప్పుడో వచ్చేదన్న ఆవిడ మాట విషయానికొస్తే, అది చదివి నాకు కోపం వచ్చింది, దాచుకోను. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదని ప్రభువే చెప్పాడు. పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, కృప చాలునన్న మాట దొరికింది. పౌలుకి విశ్వాసం తక్కువైందా? చనిపోబోతున్న మనిషి మంచం పక్కన ఇలా మాట్లాడేవాళ్లని, పెద్దవాళ్లయినా సరే, మీవారితో చెప్పించి కొన్నాళ్లు రావద్దనండి.

ఇంకొకటి నెమ్మదిగా, మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. పాత తప్పేదో మనసులో పెట్టుకుని ఈ నొప్పితో దాన్ని తీర్చుకుంటున్నానని ఆవిడ అనుకుంటున్నారేమో. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఇలా అనుకుంటారు, పైకి చెప్పరు. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చదవండి. ఒక్కసారే, అందరి కోసం అర్పణ అయిపోయింది. వాయిదాలు కట్టడానికి అప్పే మిగల్లేదు. క్రీస్తు శ్రమల్లో పాలివారు కండి అని పేతురు రాసింది ఆయన పేరు కోసం నిందలు పడుతున్నవాళ్లకి. మాత్రతో తగ్గే నొప్పిని పట్టుకుని ఉండమని కాదు. మాత్ర వేసుకున్నా కొంత బాధ మిగులుతుంది, చావు భయం మిగులుతుంది. అక్కడ మన బలహీనత తెలిసిన ప్రధాన యాజకుడు, క్రీస్తే, ఆవిడ పక్కనుంటాడు, ఆవిడ ఓర్పుకి మార్కులు వేయడానికి కాదు, ఆ దారి తను నడిచాడు కాబట్టి.

ఈ సందేహం మీ ఇంట్లోనే పుట్టింది కాదు. 1847లో స్కాట్లాండులో జేమ్స్ సింప్సన్ కాన్పులకి క్లోరోఫామ్ వాడినప్పుడు వాక్యవిరుద్ధమని అభ్యంతరాలు వస్తే, ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే గాఢనిద్ర రప్పించాడు కదా అని ఆయన జవాబిచ్చాడు. 1957లో పోప్ 12వ పయస్‌ని ఆపరేషన్లకి మత్తుమందు ఇచ్చే డాక్టర్లు ఇదే అడిగితే నొప్పి మందు తీసుకోవచ్చని స్పష్టంగా చెప్పాడు. 1967లో లండన్‌లో చివరి దశ రోగులని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ క్రైస్తవ విశ్వాసంతోనే ఆ పనికి దిగింది, నొప్పి మళ్లీ లేచేదాకా ఆగకుండా వేళకి మార్ఫిన్ ఇవ్వాలని పట్టుబట్టింది.

మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది, దానికి మందు కూడా డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. మోతాదు మీరు మార్చొద్దు, ఉన్నట్టుండి ఆపొద్దు. దగ్గర్లో పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బులో నొప్పీ బాధా తగ్గించే వైద్యం, ఎక్కడుందో కూడా డాక్టర్నే అడగండి.

ప్రశ్న: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నప్పుడు బాధపడింది యేసులోని మనిషి మాత్రమే, దేవుడికి బాధ ఉండదు అని హాస్టల్లో ఫ్రెండ్ వాదిస్తున్నాడు. నిజమేనా?
- డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: యేసుని రెండు ముక్కలు చేస్తే అలా చెప్పొచ్చు తమ్ముడూ, కానీ సంఘం అలా చేయడానికి ఒప్పుకోలేదు. 451లో కల్కెదోనులో కూడిన సంఘ బిషప్పుల సభ చెప్పింది ఇదే: దైవత్వం, మానవత్వం రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా, విడిపోకుండా ఉన్నది ఒకే వ్యక్తిలో. దైవత్వానికి మేకు దిగదు, అంతవరకు మీ ఫ్రెండ్ మాట సరే. కానీ సిలువ మీద ఉన్నది వేరే మనిషి కాడు. దేవుని కుమారుడే, తను తీసుకున్న మన శరీరంలో, ఆ నొప్పిని తనదిగా అనుభవించాడు. ఆ కేక కూడా నమ్మకం పోయి వేసింది కాదు, 22వ కీర్తన మొదటి వరుస, అందులో ఇంకా "నా దేవా" అనే పిలుస్తున్నాడు. ఇద్దరూ కూర్చుని ఆ కీర్తన పైనుంచి చదవండి, సగంలో ఆపకుండా 24వ వచనం దాకా వెళ్లండి, బాధపడేవాడికి దేవుడు తన ముఖం దాచలేదని అక్కడుంది.