వ్యోమగామి కావాలంటే ముందు టేపు తీయండి

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. శుభాంశు శుక్లా అంతరిక్షానికి వెళ్ళొచ్చినప్పటి నుంచి వ్యోమగామి అవుతానంటోంది. జేఈఈ కోచింగ్ మాన్పించాలా? ఏ కోర్సులో చేర్పించాలి?
– ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: వ్యోమగామి కోర్సు అంటూ విడిగా ఏదీ లేదండీ. మనుషులను అంతరిక్షానికి పంపే మన దేశ యాత్ర గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లే. శుక్లా ఎన్‌డీఏలో (సైనిక అధికారులను తయారుచేసే జాతీయ రక్షణ అకాడమీ) చదివి, 2006లో వాయుసేనలో చేరి, సుమారు 2,000 గంటలు విమానాలు నడిపాకే 2025 జూన్ 25న బయల్దేరారు. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల 2021లో వెళ్ళింది అమెరికా పౌరురాలిగా, ఒక ప్రైవేటు సంస్థ తరఫున. ఆ దారి వేరు.

ఏ ఫీజూ కట్టకముందే ఇంట్లో టేపు తీయండి. వాయుసేనలో విమానాలు నడిపే ఫ్లయింగ్ బ్రాంచికి ఎత్తు కనీసం 162.5 సెం.మీ. ఉండాలి. అమ్మాయిని గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి నేల మీద కూర్చోబెట్టండి. గోడ నుంచి మడమ దాకా 99కి తగ్గకూడదు, 120 దాటకూడదు. ఎత్తు సరిపోయినా ఈ కొలత దగ్గర ఆగిపోయేవాళ్ళుంటారు. తర్వాత కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, చుక్కల మందు వేసి చూడమనండి. మామూలు పరీక్షలో బయటపడని సైట్ అందులో తెలుస్తుంది. మైనస్ సైట్ ఉంటే ఎన్‌డీఏ ఫ్లయింగ్‌కు కుదరదు. రంగుల పరీక్ష కూడా చేయించండి.

ఇవి బాగున్నా జేఈఈ మాన్పించనక్కర్లేదు. ఎన్‌డీఏ లెక్కల పేపరు 300 మార్కులకు, అది ఎంపీసీ పిల్లలకు కొత్తేమీ కాదు. మనవాళ్ళు దెబ్బతినేది 600 మార్కుల జనరల్ ఎబిలిటీలో, అందులోనూ 200 మార్కుల ఇంగ్లిష్‌లో. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, రెండో సంవత్సరంలోకి రాగానే దరఖాస్తు చేయవచ్చు. అమ్మాయిలకు 2021 నుంచి అవకాశం ఇచ్చారు. ఇంటర్వ్యూ దశలో పెట్టే పైలట్ ఎంపిక యంత్ర పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే ఆ తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది. కాబట్టి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని, సిద్ధం కాకుండా పంపకండి.

అసలు శిక్షణ చాలా తర్వాత. గగన్‌యాన్ బృందం 2020 ఫిబ్రవరి నుంచి ఏడాదికి పైగా రష్యాలో నేర్చుకుంది. గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో ఒంటి బరువు అనేక రెట్లు పెరిగినట్టవుతుంది. రక్తం తల నుంచి దిగిపోకుండా రాకెట్‌లో వెల్లకిలా పడుకోబెడతారు. భారం ఛాతీ మీద పడుతుంది కాబట్టి ఊపిరి తీసుకునే పద్ధతి కూడా నేర్పుతారు. మంచులో, నీళ్ళలో దిగితే బతికి బయటపడడం మరో పాఠం.

రాకెట్ కక్ష్యకు చేరడానికి పట్టేది పది నిమిషాలే. శుక్లా ప్రయాణించిన డ్రాగన్ వ్యోమనౌక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరడానికి 28 గంటలు పట్టింది. బరువు తెలియని చోట చెవిలోని సమతుల్యత యంత్రాంగం, కళ్ళు చెప్పేవి పొంతన కుదరక మొదటి రెండు మూడు రోజులు వాంతులు, తలతిప్పు వస్తాయి. రక్తం పైకెక్కి ముఖం ఉబ్బుతుంది. ఎంత ఆరితేరిన పైలట్‌కైనా ఇవి రావచ్చు. చిన్నప్పుడు బస్సులో అమ్మాయికి వాంతులయ్యేవని ఇప్పుడే కొట్టిపారేయకండి.

ఎన్‌డీఏ రాకపోతే బీటెక్ చేసి, 20 నుంచి 24 ఏళ్ళ మధ్య వాయుసేన ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాయవచ్చు. ఆ యంత్ర పరీక్షలో అప్పటికే తప్పి ఉండకూడదు, అంతే.