జరిమానా కట్టలేక జైల్లో మిగిలిపోయినవారి కోసం: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా, అంటే పేదలకు చట్టం విషయాల్లో సాయపడే స్వచ్ఛంద కార్యకర్తగా, వారానికి ఒకసారి సబ్‌జైలుకు వెళ్లబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లకు పైగా మేజిస్ట్రేటు కోర్టుల్లో బెంచి క్లర్కుగా పనిచేసిన నా చేతుల మీదుగా ఎన్నో శిక్షా వారంట్లు, అంటే శిక్ష వివరాలతో కోర్టు జైలుకు పంపే ఉత్తర్వులు, వెళ్లాయి. జరిమానా చెల్లించని పక్షంలో మరి ఇన్ని నెలలు జైలు అన్న మాట వాటిలో చాలావాటి చివర ఉండేది. బెయిలు దొరకని విచారణ ఖైదీల గురించి పదిమంది అడుగుతారు గానీ, అసలు శిక్ష పూర్తయినా జరిమానా డబ్బు లేక లోపలే ఉండిపోయినవారి గురించి అడిగేవారు తక్కువ. నువ్వు ముందుగా వాళ్లనే వెతకాలని నా కోరిక.

ఎందుకిలా కోరుతున్నానో చెబుతాను. నేను పనిచేసిన ఒక కోర్టులో ఒక కూలీ మనిషికి నెల రోజుల జైలు, 5,000 రూపాయల జరిమానా, కట్టకపోతే మరో మూడు నెలలు అని శిక్ష పడింది. అతని భార్య 3,000 రూపాయలు కూడబెట్టి కొంగున ముడివేసుకుని కోర్టు వరండాలోకి వచ్చి, మిగతా రెండు వేలు దొరికాక మొత్తం ఒకేసారి కడతానని చెప్పి వెళ్లిపోయింది. ఆ మూడు వేలూ అప్పుడే కట్టించి ఉంటే, కట్టని భాగం అయిదింట రెండు వంతులే కనుక, తొంభై రోజుల్లో ముప్పై ఆరు రోజులు గడిస్తే అతను బయటికి వచ్చి ఉండేవాడు. ఆ నియమం నాకు తెలుసు. ఆమె నన్ను అడగలేదు, చెప్పడం నా పని కాదనుకుని నేను ఊరుకున్నాను. మిగతా సొమ్ము చేతికి వచ్చేసరికి రెండు నెలలు దాటింది. ఆ మౌనం నాది, ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ నియమం పాత భారత శిక్షా స్మృతి 69వ సెక్షన్‌లో ఉండేది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 8వ సెక్షన్‌లోకి వచ్చింది. జరిమానా కట్టనందుకు అదనంగా అనుభవించే జైలును డిఫాల్టు శిక్ష అంటారు, జరిమానా మొత్తం కట్టిన క్షణాన అది ముగుస్తుంది. కొంత కడితే, కట్టని భాగానికి సరిపడే రోజులు అప్పటికే గడిచి ఉంటే చాలు, అక్కడితోనే ముగుస్తుంది. అందుచేత ఏ కుటుంబం వచ్చినా మొత్తం సమకూరేదాకా ఆగమని నీ నోట రాకూడదు. ఉన్నంత కట్టించు, మిగిలిన రోజులు లెక్కవేసి కాగితం మీద రాసి వాళ్ల చేతిలో పెట్టు.

జైలుకు వెళ్లినప్పుడు ఖైదీ మాట మీదే ఆధారపడకుండా అధికారుల అనుమతితో వారంటు చూడు. నాకు నాలుగు నెలలు పడిందని అతను చెబుతాడు, అందులో ఒక నెలే అసలు శిక్ష అనీ, మిగతా మూడూ డబ్బుతో తీరిపోయేవనీ చాలామందికి తెలియదు. అసలు శిక్ష ఏ తేదీకి ముగుస్తుందో, జరిమానా ఎంతో, కట్టకపోతే ఎన్ని నెలలో, నేరం జరిగిన తేదీ ఏదో నీ పుస్తకంలో రాసుకో. నేరం 2024 జూలైకి ముందుదైతే పాత స్మృతి లెక్కే చూడాలి. జైలూ జరిమానా రెండూ వేయదగిన నేరమైతే, ఆ నేరానికి చట్టంలో ఉన్న గరిష్ఠ జైలు కాలంలో నాలుగో వంతుకు మించి డిఫాల్టు శిక్ష ఉండకూడదు. జరిమానా మాత్రమే వేయదగిన నేరమైతే సాధారణ జైలే వేయాలి, దానికి మెట్లు ఉన్నాయి: 5,000 రూపాయల వరకు రెండు నెలలు, 10,000 వరకు నాలుగు నెలలు, అంతకు మించితే ఒక ఏడాది దాకా. పాత స్మృతిలో ఈ మెట్లు యాభై రూపాయలు, వంద రూపాయలు అని 1860 నాటి ధరల్లోనే ఉండిపోయి, వందకు మించిన ఏ జరిమానాకైనా ఆరు నెలల వరకు అవకాశం ఉండేది. వారంటులోని అంకెలు ఈ హద్దులు దాటాయనిపిస్తే నీ అంతట నువ్వు తీర్పు చెప్పకుండా వెంటనే మీ సంస్థ జాబితాలో ఉన్న ప్యానెల్ న్యాయవాదికి చూపించు.

లెక్కలో రెండుచోట్ల కుటుంబాలు మోసపోతాయి. విచారణ సమయంలో రిమాండులో గడిపిన రోజులు అసలు శిక్షలోంచి తీసివేస్తారు గానీ, డిఫాల్టు శిక్షకు ఆ మినహాయింపు వర్తించదు. అలాగే ఒకే తీర్పులో మూడు నేరాలకు మూడు జరిమానాలు పడితే అసలు శిక్షలు ఏకకాలంలో నడవవచ్చు, డిఫాల్టు శిక్షలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి అనుభవించవలసిందేనని సుప్రీంకోర్టు 2018లో శరద్ హీరూ కోలంబే కేసులో తేల్చింది. కాబట్టి విడుదల తేదీ చెప్పేముందు ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకో, తప్పు తేదీ చెప్పి ఇంటిల్లిపాదినీ జైలు గేటు దగ్గర నిలబెట్టకు.

డబ్బు బొత్తిగా లేనివారికి ఇప్పుడొక దారి ఉంది, నా ఉద్యోగ కాలంలో అది లేదు. 2023లో కేంద్ర హోంశాఖ తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం కింద, జరిమానా కట్టలేక విడుదల కాని ఖైదీ కోసం 25,000 రూపాయల వరకు జిల్లా కమిటీ మంజూరు చేసి కోర్టులో జమ చేయిస్తుంది. కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి, జిల్లా జడ్జి నియమించిన న్యాయాధికారి ఆ కమిటీలో ఉంటారు. సొమ్ము అంతకు మించితే ప్రతిపాదన రాష్ట్రస్థాయి కమిటీకి వెళుతుంది. ఇలాంటి ఖైదీ ఉన్నాడని జైలు సూపరింటెండెంటే కార్యదర్శికి తెలియజేయాలి, జైలుకు వెళ్లే న్యాయవాదులూ స్వచ్ఛంద సంస్థలూ కూడా తెలియజేయవచ్చు. ఎవరో ఒకరు రాస్తారులే అనుకోవద్దు. అసలు శిక్ష ముగియడానికి నెల ముందే రేషన్ కార్డు నకలు, వారంటు వివరాలు జతచేసి కార్యదర్శికి లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకో. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు అనీ, ఇంటి నుంచే అడగడానికి 15100 నంబరు ఉందనీ ఆ కుటుంబాలకు చెప్పు.

గంజాయి కేసులవారిని చూసినప్పుడు నీ మనసు కలతపడుతుంది. మన్యం నుంచి మూటలు మోసుకొస్తూ పట్టుబడినవారిలో రోజుకూలీలే ఎక్కువ కనిపిస్తారు. చట్టం వాణిజ్య పరిమాణమని లెక్కకట్టే పెద్ద మొత్తమైతే కనీసం పదేళ్ల జైలుతో పాటు లక్ష రూపాయల జరిమానా తప్పదు. పదేళ్లు గడిచాక ఆ లక్ష ఎక్కడినుంచి తెస్తాడు? అలాంటి కేసులోనే, 2007లో శాంతిలాల్ కేసులో, సుప్రీంకోర్టు మూడేళ్ల డిఫాల్టు శిక్షను ఆరు నెలలకు తగ్గించింది. డిఫాల్టు జైలు నేరానికి విధించే శిక్ష కాదనీ, జరిమానా కట్టనందుకు పడే పర్యవసానమనీ, దాన్ని నిర్ణయించేటప్పుడు మనిషి ఆర్థిక స్థితినీ చూడాలనీ అందులో చెప్పింది. అప్పీలు చేసే న్యాయవాదికి ఆ తీర్పు గుర్తుచేయి. ఇది మర్యాద తప్పడమేమీ కాదు.

జైలు దాకా రానివ్వకుండా ఆపగలిగితే ఇంకా మేలు. జరిమానా ఒక్కటే శిక్షగా పడినప్పుడు, తీర్పు రోజునే అడిగితే ముప్పై రోజుల గడువు గానీ, రెండు మూడు వాయిదాలు గానీ ఇచ్చే అధికారం క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 464వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. పూచీపత్రం రాసివ్వాల్సి ఉంటుంది. బోనులో నిలబడిన పేదవాడికి ఆ సంగతి తెలియక తలవంచుకుని వారంటు వెంట వెళ్లిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. నీ ఊళ్లో ఎవరికైనా తీర్పు రోజు దగ్గరపడితే ఈ ఒక్క మాట ముందే చెప్పి పంపు.

డిఫాల్టు శిక్ష పూర్తిగా అనుభవించినవాడి దగ్గర, ప్రత్యేక కారణాలు రాతపూర్వకంగా చూపితే తప్ప, ఆ జరిమానా మళ్లీ వసూలు చేయరు. అయితే చెక్కు బౌన్సు కేసుల్లో బాధితుడికి ఇవ్వమన్న నష్టపరిహారం మాత్రం జైలుకు వెళ్లివచ్చినా రద్దు కాదు, ఈ తేడా ఆ కుటుంబాలకు విడిగా చెప్పు.

డబ్బు ఎవరి చేతికీ ఇవ్వనివ్వకు, నువ్వూ తీసుకోకు. విడిపిస్తామని కోర్టు గేటు దగ్గర తిరిగేవాళ్లు ఉంటారు. శిక్ష వేసిన కోర్టులోనే, ఖైదీ పేరూ కేసు నంబరూ ఉన్న రసీదుతో కట్టించు, ఉత్తర్వు ఆ రోజే జైలుకు చేరేలా దగ్గరుండి చూడు. సాయంత్రం లాకప్ వేళ దాటితే విడుదల మరునాటికి పోతుంది, కనుక కట్టేది ఉదయమే కట్టించు. బయటికి వచ్చేవాడి జేబులో ఇంటికి వెళ్లే బస్సు చార్జీ ఉందో లేదో కూడా అడుగు.

నీ మొదటి వారం నమోదులు నాకు పంపు, లెక్కలు నేను సరిచూస్తాను.

ఇట్లు,
నీ మామయ్య