రైతు కంటే ముందు మెకానిక్‌ను కలవండి

ప్రశ్న: మాది కోరుట్ల దగ్గర పల్లె. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివి కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాను. వ్యవసాయ మోటార్లకు ఫోన్‌తో నడిచే స్టార్టర్ డబ్బా సొంతంగా తయారుచేశాను. సిమ్‌తో పనిచేసే 4జీ మాడ్యూల్, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు ఆపే ఏర్పాటు, నీళ్లు లేకుండా మోటారు తిరగకుండా ఆపే డ్రై రన్ రక్షణ, యాప్ అన్నీ ఉన్నాయి. జీఎస్టీ కాకుండా విడిభాగాలకే 2,600 రూపాయలు అవుతోంది. 4,200కి అమ్ముతున్నాను. బంధువులు కొన్నారు, బాగా పనిచేస్తున్నాయి. బయటివాళ్లు కొనడం లేదు. ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇస్తే లైకులు వచ్చాయి గానీ ఆర్డర్లు రాలేదు. మోటార్ల షాపులవాళ్లు "పెట్టి వెళ్లండి, చూద్దాం" అంటున్నారు. నాకు అమ్మడం చేతకాదేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు మేడమ్?
- ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో రైతులున్నారు, షాపులవాళ్లున్నారు, ఫేస్‌బుక్ ఉంది. కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టి బాగుచేసే వైండింగ్ మెకానిక్ మాత్రం లేడు. మీ డబ్బా అమ్ముడుపోతుందా లేదా అన్నది చాలావరకు అతని చేతిలోనే ఉంది.

మా నాన్నగారికి ఖమ్మంలో మోటార్ల షాపు ఉండేది. సెలవులొస్తే కౌంటర్ దగ్గరే కూర్చునేదాన్ని. తర్వాత ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి బాలానగర్‌లో స్టార్టర్ ప్యానెళ్ల యూనిట్ నడిపాను. రెండు చోట్లా చూసింది ఒకటే. మోటారు కాలిపోయాక రైతు షాపుకొస్తాడు. వెంట మెకానిక్ ఉంటాడు. షాపు యజమాని నాలుగు కంపెనీల పేర్లు చెబుతాడు. రైతు అన్నీ విని, మెకానిక్ వైపు తిరిగి "ఏది తీసుకుందాం?" అంటాడు. అక్కడితో బేరం తేలిపోతుంది. ఎందుకంటే రేపు మోటారు ఆగితే పొలానికి వచ్చేది మెకానిక్కే గానీ షాపు యజమాని కాదు.

ఇప్పుడు అతని వైపు నుంచి ఆలోచించండి. మోటారు కాలితేనే అతనికి వైండింగ్ పని. మీ డబ్బా పెట్టేదే మోటారు కాలకుండా. పైగా బిగించాక ఏ తేడా వచ్చినా రైతు అడిగేది అతన్నే, లోపలి బోర్డు చూస్తే అతనికి ఏమీ అర్థం కాదు. అలాంటప్పుడు "ఇవి మన కరెంటుకు ఆగవన్నా" అనేస్తే అతనికి ఏ తలనొప్పీ ఉండదు. అందులో అతని తప్పేమీ లేదు, అది అతని బతుకుదెరువు. కాబట్టి మీ డబ్బా వల్ల అతనికి నాలుగు డబ్బులు రావాలి, ఊళ్లో అతని మాటకు విలువ పెరగాలి. బిగింపు కూలి ఇంత అని మీరే నిర్ణయించి ధరలోనే కలపండి, 300 అనుకుందాం. మూత లోపల మీ నంబరుతో పాటు అతని నంబరూ అతికించండి. ఒక బోర్డు అదనంగా అతని దగ్గరే ఉంచి, స్క్రూలు విప్పి బోర్డు మార్చడం నేర్పండి. అతనికి సొంత పొలం ఉంటే మొదటి డబ్బా అతని బోరుకే పెట్టండి.

అతనికి నేర్పడంతో ఆపకండి, అతని దగ్గర మీరు నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ ఉంది. షాపులో కాసేపు కూర్చుని, ఈ మధ్య వచ్చిన కాలిన మోటార్లు ఒక్కొక్కటీ ఎందుకు కాలాయో అడగండి. ఒక ఫేజు పోయినా అలాగే తిరిగిందా, ఓల్టేజీ పడిపోయిందా, బోరులో నీళ్లు అయిపోయాయా? ఆ జవాబులే మీ ప్రకటనలో రాయాల్సిన మాటలు. మీ డబ్బా విప్పి చూపిస్తే లోపాలు కూడా మొహమాటం లేకుండా చెబుతాడు. రైతులు వాడే లావు అల్యూమినియం వైరు మీ టెర్మినల్‌లో పడుతుందా? కేబుల్ వచ్చే రంధ్రంలోంచి చీమలు, బల్లులు లోపలికి పోతాయా? మా యూనిట్‌కు రిపేరుకు వచ్చిన ప్యానెళ్లలో మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ మీద బల్లి పడి మాడిపోయినవి ఎన్నో చూశాను. ఆ రంధ్రం మూసే రబ్బరు గ్లాండ్ ఒకటి బిగిస్తే పోయేదానికి డబ్బా మొత్తానికి చెడ్డపేరు వస్తుంది.

ఇక రైతు దగ్గర ఏం చెప్పాలి? 4జీ, సెన్సింగ్, యాప్ అన్న మాటలు పక్కన పెట్టండి. ఫోన్ స్టార్టర్లు అమ్మేవాళ్లు చాలామంది "రాత్రిపూట పొలానికి పోనక్కర్లేదు" అనే మొదలుపెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట 9 గంటల సరఫరా అన్నది లెక్క. అక్కడ కరెంటు ఎప్పుడొచ్చిందో తెలియడమే పెద్ద సాయం. మీ తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ అని మొదలుపెట్టారు. అందుకే మీ రైతుకు రాత్రి ప్రయాణం కంటే మోటారు కాలడమే పెద్ద భయం. బోరులోంచి మోటారు లేపడానికి కూలీలు, వైండింగ్ ఖర్చు, మళ్లీ దించడం, ఇన్ని రోజులూ మడికి నీళ్లుండవు. యాసంగి వరి పొట్ట దశలో ఉండగా అలా జరిగితే ఆ నష్టం వైండింగ్ ఖర్చుతో పోయేది కాదు. మీరు రెండే మాటలు చెప్పండి: "ఫేజు పోతే మోటారు దానంతటదే ఆగుతుంది. బోరులో నీళ్లు తగ్గినా ఆగుతుంది, మీకు ఫోనొస్తుంది."

చెప్పడం కంటే చూపించడం మేలు. బాట పక్కన, నలుగురూ ఆగే చోట ఉన్న బోరు చూసుకోండి. మోటారు నడుస్తుండగా మెకానిక్ చేత, జాగ్రత్తలన్నీ తీసుకునే, ఒక ఫ్యూజు తీయించండి. మోటారు ఆగుతుంది, రైతు జేబులో ఫోను మోగి "ఫేజు పోయింది, మోటారు ఆపాను" అని తెలుగులో వినిపిస్తుంది. అది విన్న రైతు పక్క రైతుకు తనే చెబుతాడు. ఆ గొంతు మీ ప్రాంతం మాటలాగే ఉండాలి. యాప్ ఉంటే ఉండనివ్వండి గానీ, బటన్ ఫోనుతో కాల్ చేసినా మోటారు ఆన్, ఆఫ్ అవ్వాలి. చాలా ఇళ్లలో నీళ్లు పెట్టేది స్మార్ట్‌ఫోన్ ఉన్న కొడుకు కాదు, తండ్రి.

ఇంకో సంగతి. 24 గంటల సరఫరా మొదలయ్యే ముందు తెలంగాణలో, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయాలని ఊరూరా ప్రచారం జరిగింది. భూగర్భ జలాలు అడుగంటుతాయని ఆ భయం. మీ డబ్బాను చూసి "ఇది కూడా అదేనా?" అని అడుగుతారు. కరెంటు రాగానే తనంతట తాను మొదలయ్యేది కాదని, రైతు చెప్పినంతసేపే నడుస్తుందని స్పష్టంగా చెప్పండి. వీలైతే టైమర్‌నే ముందుకు తెచ్చి చూపండి.

ధర దగ్గర మాత్రం నాకు బాధ కలిగింది. 4,200లోంచి 18 శాతం జీఎస్టీ తీస్తే 3,559 మిగులుతుంది. షాపుకు అందులో 15 శాతం ఇస్తే 534 పోతుంది. మెకానిక్‌కు 300. మిగిలిన 2,725లో విడిభాగాలకు 2,600 పోతే మీ చేతికి వచ్చేది 125. పెట్రోలు, పాడైతే ఇచ్చే కొత్త బోర్డు, మీ జీతం అన్నీ అందులోంచే రావాలి. ఇలా ఎక్కువ అమ్మితే ఎక్కువ మునుగుతారు. ధర 5,900 పెట్టండి. పన్ను పోగా 5,000. షాపుకు 750, మెకానిక్‌కు 300, విడిభాగాలకు 2,600 పోను 1,350 ఉంటుంది. ఒక్కసారి మోటారు లేపి దించే ఖర్చు మీ ఊళ్లో ఎంతో కనుక్కుని, ఆ అంకె పక్కన 5,900 పెట్టి చూపిస్తే రైతు లెక్క వేసుకోగలడు.

"పెట్టి వెళ్లండి" అన్న షాపులో డబ్బాలు వదిలి రావద్దు. డబ్బు పెట్టి కొనని సరుకును ఏ షాపువాడూ చేత్తో తీసి చూపించడు. రెండే ఇవ్వండి, నగదుకే ఇవ్వండి. మూడు నెలల్లో అమ్ముడుపోకపోతే పూర్తి డబ్బు ఇచ్చి వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాసివ్వండి. నిజంగా తీసుకోండి కూడా. పెట్టె మీద ఎమ్మార్పీ, తయారైన నెల, మీ చిరునామా, ఫిర్యాదులకు నంబరు ఉండాలి, అది చట్టం. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ పరిమితి 20 లక్షల టర్నోవరు. కానీ రాష్ట్రం దాటి మహారాష్ట్రలోని నాందేడ్ వైపు ఒక్క డబ్బా పంపినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. షాపులూ బిల్లు అడుగుతాయి కాబట్టి ఇప్పుడే చేయించుకోవడం నయం. విడిభాగాల మీద మీరు కట్టే పన్ను కూడా సర్దుబాటవుతుంది.

సిమ్ రీఛార్జి గురించి మీరు రాయలేదు. అమ్మాక మీకు వచ్చే ఫోన్లలో చాలా "డబ్బా పనిచేయడం లేదు" అనే ఉంటాయి, వెళ్లి చూస్తే రీఛార్జి అయిపోయి ఉంటుంది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక డేటా లేని, కాల్స్ ఎస్ఎంఎస్‌ల ప్యాకులు వచ్చాయి. అలాంటిది వేయించి, గడువుకు వారం ముందే రైతుకు మీ డబ్బా నుంచే మెసేజ్ పోయేలా రాయండి. పాడైన డబ్బాను ముందు మార్చి ఇవ్వండి, రిపేరు తర్వాత ఇంట్లో చేసుకోవచ్చు. నీళ్లు ఆగిన రైతుతో గ్యారంటీ షరతులు మాట్లాడకూడదు.

యాసంగి నాట్లకు ముందు, మళ్లీ ఎండలు ముదిరి బోర్లు తగ్గే రోజుల్లో గట్టిగా తిరగండి. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో శాస్త్రవేత్తలను కలిసి డబ్బా చూపించండి. ఫేస్‌బుక్‌కు డబ్బు ఆపేసి, ఫ్యూజు తీసినప్పటి వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించండి. అందులో మాట్లాడాల్సింది మీరు కాదు, ఆ రైతే.

అమ్మడం చేతకాదని మాత్రం అనుకోవద్దు తమ్ముడూ. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు చేనేత చీరకు దారం చుట్టే ఆసు యంత్రం చేసింది, రోజంతా ఆసు పోసి భుజం పట్టేసే తల్లి లక్ష్మి గారిని చూసి. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మార్కెటింగ్ చదువుకున్నవారు కాదు, ఆ నొప్పి తెలిసినవారు. మీరూ బోర్ల కింద సేద్యం చేసే ఊళ్లో పుట్టినవారే. ఆ ఊరి భాషలో మాట్లాడితే చాలు.

ప్రశ్న: ఎండుమిర్చిలో తేమ చెప్పే చేతి మీటరు తయారుచేశాను. గుంటూరు యార్డులో చూపిద్దామంటే ఎవరైనా కాపీ కొడతారని భయం. పేటెంట్ వచ్చేదాకా ఆగాలా?
- పల్నాడు జిల్లా పాఠకురాలు

జవాబు: పేటెంట్ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా ఆగనక్కర్లేదు. కానీ దరఖాస్తు వేయకముందే నలుగురిలో పెట్టినా, అమ్మినా కొత్తదనం పోయిందని తిరస్కరించే ప్రమాదం ఉంది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలతో దరఖాస్తుకు 12 నెలలు గడువుంటుంది. ఈ ఏడాదంతా ధైర్యంగా చూపించి, ఎవరు కొంటారో తేల్చుకోండి. తేజ రకానికీ బాడిగ రకానికీ మీ అంకెలు సరిగ్గా వస్తున్నాయా అన్నది వేరువేరు కోతల కాయతో పరీక్షించి పట్టిక తయారుచేయండి. బోర్డు చూసి కాపీ కొట్టినవాడికి ఆ పట్టిక దొరకదు. లావాదేవీల్లో కొలతగా వాడతారు కాబట్టి తూనికలు, కొలతల శాఖ కార్యాలయంలో నిబంధనలు ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే ఫోన్ చేసి లేపే పరికరం చేశాను. రైతులు బాగుందంటున్నారు గానీ, డబ్బు పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఇస్తామంటున్నారు. ఇవ్వవచ్చా?
- భీమవరం పాఠకుడు

జవాబు: మీ ప్రాంతంలో మేత షాపులు అలాగే అరువిస్తాయి కాబట్టి రైతులు అడగడం సహజమే. ఆ షాపులకు అరువు మోసే పెట్టుబడి ఉంది, మీకు లేదు. సగం డబ్బు ముందు తీసుకోండి. అది విడిభాగాల ఖర్చుకు తగ్గకూడదు. మిగతాది మీరు అరువివ్వకుండా, ఆ రైతుకు మేత ఇచ్చే షాపు ద్వారానే అమ్మండి. వసూలు వాళ్లకు అలవాటే. వైరస్ వచ్చి పంట మధ్యలో పోయిన చెరువుల దగ్గర మీరు డబ్బు అడగలేరు, అడగకూడదు కూడా. కంపెనీలకు అమ్మేటట్లయితే చిన్న పరిశ్రమగా ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది ఉచితం. చిన్న పరిశ్రమకు, అంతకంటే ఎక్కువ గడువుతో ఒప్పందం ఉన్నా, 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టం ఉంది. బిల్లు మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరు తప్పకుండా వేయండి. సెన్సర్ పొర మీద పాచి పడితే అంకెలు తప్పుతాయి కాబట్టి, శుభ్రం చేసి సరిచూసే పనికి నెలవారీ రుసుము పెట్టుకోండి. పట్టుబడితో సంబంధం లేకుండా ఆ డబ్బు నెలనెలా వస్తుంది.