పాత డాక్టర్ హూలో కామెడీ ఒకసారి పండి, ఇంకోసారి ఎందుకు చెడుతుంది?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే వరసలో నేనూ దెబ్బతిన్నాను. డాక్టర్ హూ అంటే కాలంలో, అంతరిక్షంలో తిరిగే డాక్టర్ అనే గ్రహాంతరవాసి కథలతో బీబీసీ తీసిన టీవీ సీరియల్. ఎవరో చెప్పారని మీరు అందులోని 'సిటీ ఆఫ్ డెత్' కథ చూశారు, తెగ నచ్చింది. అదే ఊపులో అదే సీజన్‌లోని 'ద హార్న్స్ ఆఫ్ నైమన్' పెట్టారు, ఇరవై నిమిషాలకే ఆపేశారు. ఒకే సీజన్‌లో, ఒకే మనుషుల చేతుల మీదుగా వచ్చిన కథల్లో ఇంత తేడా ఎలా, మిగతావి చూడొచ్చా లేదా అని అడిగారు.

చూడొచ్చు. కాకపోతే ఎలా చూడాలో నాకు మా అమ్మాయి నేర్పింది.

మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. 2023 నవంబరులో బీబీసీ తన ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్‌లో 800కు పైగా డాక్టర్ హూ ఎపిసోడ్లు పెట్టింది. ఆఫీసులో అందరూ పొగిడే, టామ్ బేకర్ డాక్టర్‌గా వేసిన రోజులవి చూద్దామని నేను 1979 సీజన్ మొదలుపెట్టాను. 'సిటీ ఆఫ్ డెత్' నాలుగు భాగాలూ ఒక రాత్రి చూసేశాను. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి 'నైమన్' నాలుగూ వరసగా పెట్టాను. రెండో భాగంలో నిద్ర పట్టేసింది. లేచాక మళ్ళీ వెనక్కి తిప్పి చూసే ఓపిక లేదు. ఇంత చెత్తా అనుకుని ఆ సీజన్‌నే వదిలేశాను.

ఏడాది తర్వాత మా అమ్మాయికి పదకొండేళ్ళప్పుడు తనతో కలిసి మళ్ళీ చూశాం. ఈసారి రాత్రి అన్నం తిన్నాక ఒక్క భాగమే, పాతిక నిమిషాలు. 'నైమన్' రెండో భాగంలో తను అంది: "నాన్నా, వాళ్ళకే భయం లేదు కదా, నాకెందుకు భయం వేయాలి?" ఆ సీరియల్‌లో చెడింది సరిగ్గా అదే.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1976లో ఒక భాగం చివర డాక్టర్‌ని నీళ్ళలో ముంచి చంపబోయే దృశ్యం వచ్చింది. పిల్లల కార్యక్రమంలో ఇదేమిటని మేరీ వైట్‌హౌస్ అనే ఉద్యమకారిణి గట్టిగా గొడవ చేసింది. 1977లో నిర్మాతగా వచ్చిన గ్రాహం విలియమ్స్‌కి పైనుంచి వచ్చిన మాట, హింస తగ్గించమని. అది తగ్గాక మిగిలిన చోటులోకి హాస్యం వచ్చి కూర్చుంది. దానికి తోడు ఆ రోజుల్లో బ్రిటన్‌లో ధరలు మండిపోతున్నాయి, ఏటా వచ్చే బడ్జెట్ ఏ మూలకూ సరిపోలేదు. రాక్షసుడు రాక్షసుడిలా లేకపోతే నటులకు వెక్కిరించాలనిపిస్తుంది. టామ్ బేకర్‌కి మరీను. ఈ పరిస్థితిలో 1979 సీజన్‌కి స్క్రిప్ట్ ఎడిటర్‌గా, అంటే రచయితల స్క్రిప్టులు సరిదిద్దేవాడిగా, వచ్చినవాడు డగ్లస్ ఆడమ్స్. 'హిచ్‌హైకర్స్ గైడ్' రేడియో నాటకంతో అప్పుడప్పుడే పేరొస్తున్న మనిషి. అంటే హాస్యం రాయడం రానివాడు కాదు.

'సిటీ ఆఫ్ డెత్' పుట్టిన తీరు చూస్తే అది పాడవ్వాల్సిన కథ. మొదట డేవిడ్ ఫిషర్ రాస్తున్నాడు, సొంత ఇబ్బందుల వల్ల తిరగరాయలేకపోయాడు. విలియమ్స్ ఆడమ్స్‌ని తన ఇంట్లో కూర్చోబెట్టి, కాఫీ, విస్కీ అందిస్తూ రెండు మూడు రోజుల్లో మొత్తం రాయించాడు. తెర మీద పేరు డేవిడ్ ఆగ్న్యూ అని పడుతుంది, అలాంటి మనిషే లేడు. షూటింగ్‌కి పారిస్ వెళ్ళారు. డాక్టర్ హూ షూటింగ్‌కి బ్రిటన్ దాటి వెళ్ళడం అదే మొదటిసారి. పోటీ ఛానెల్ ఐటీవీలో సమ్మె ఉండడంతో నాలుగో భాగాన్ని 1.61 కోట్ల మంది చూశారు. ఆ లెక్క చూసి ఇదే అన్నిటికంటే గొప్పది అనేవాళ్ళున్నారు. సమ్మె లేకపోతే అంతమంది చూసేవాళ్ళు కాదు. కానీ గొప్పదే, ఆ లెక్కతో పని లేకుండా.

ఎందుకంటే జూలియన్ గ్లోవర్. ఇందులో విలన్, కౌంట్ స్కార్లియోని అనే దొరగా వేసినాయన. నేలమాళిగలో అసలు మోనాలిసాలు ఇంకో ఆరు దాచుకుని, పారిస్ లూవ్ర్ మ్యూజియంలోది దొంగిలించగానే ఏడింటినీ అమ్ముకోవాలని చూసే మనిషి. నిజానికి మనిషి కాదు, నలభై కోట్ల ఏళ్ళ క్రితం అంతరిక్ష నౌక పేలి పన్నెండు ముక్కలై కాలంలో చెదిరిపోయిన గ్రహాంతరవాసి. చెప్తుంటేనే నవ్వొచ్చే కథ ఇది. గ్లోవర్ మాత్రం ఎక్కడా నవ్వడు, గొంతు పెంచడు. డాక్టర్ ఎన్ని వేషాలు వేసినా మర్యాదగా వింటాడు, మర్యాదగానే చంపమంటాడు. గోడ గట్టిగా ఉంటేనే కదా బంతి తిరిగొచ్చేది. డాక్టర్ 1505కి వెళ్ళి, లియొనార్డో వాడబోయే చెక్కల మీద ముందే 'ఇది నకిలీ' అని స్కెచ్ పెన్నుతో రాసి వస్తాడు. మా అమ్మాయి సోఫా మీంచి జారిపోయింది. అదే దృశ్యంలో కౌంట్ కూడా కామెడీ చేస్తూ ఉంటే అది సగం కూడా పండేది కాదు.

మాది ధర్మవరం వైపు. చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చి చెప్పుకోలేని బూతులు కూడా ఆడిపోయేవాళ్ళు, ఊరంతా పగలబడి నవ్వేది. ఆ వెంటనే రావణుడి బొమ్మ తెర మీదికొస్తే పిల్లలం సద్దుమణిగిపోయేవాళ్ళం. రావణుడు ఎప్పుడూ కేతిగాడి వేషాలు వేయలేదు.

'నైమన్'లో రావణుడే కేతిగాడు. నైమన్ మాట నమ్మి తన గ్రహంలోకి రానిచ్చిన సోల్‌డీడ్ పాత్రలో గ్రాహం క్రౌడెన్ మంచి నటుడే, కానీ ప్రతి మాటకీ కళ్ళు తిప్పుతాడు, చేతులు గాల్లో ఊపుతాడు, చచ్చిపోతూ పకపకా నవ్వుతాడు. ఎద్దు తలలతో ఎత్తు చెప్పులేసుకున్న నైమన్లు తూలుతూ నడుస్తాయి. మొదటి భాగంలో డాక్టర్ తన యంత్ర కుక్క కే-నైన్‌కి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతాడు, ఆయన తిరిగే కాలయంత్రం టార్డిస్ కార్టూన్ బొమ్మలా 'బోయింగ్' అంటుంది. ఒక పాత్ర చచ్చిపోయేటప్పుడు ప్యాంటు చిరిగిపోవడం కూడా అలాగే ఉంచేశారు. కావాలంటే ఆపి చూడండి, మేం చూశాం.

అయినా కథ చెత్త కాదు, అదే నా బాధ. చిక్కుదారి భవనంలో ఉండే ఎద్దు తల రాక్షసుడు, గ్రీకుల మినోటార్ కథని తిప్పి రాశారు. ఆ చిక్కుదారి భవనమే ఒక పెద్ద ఎలక్ట్రానిక్ సర్క్యూట్, గోడలు కదిలితే స్విచ్చులు మారినట్టు. నైమన్లు మిడతల దండు లాంటివి. మా జాతిలో చివరివాడిని నేనే అంటూ ఒకడొచ్చి ఆశ పెడతాడు, గ్రహమంతా తినేసి పక్క గ్రహానికి పోతారు. నాలుగో భాగంలో డాక్టర్‌కి తోడుగా తిరిగే రొమానా అలా తినేసిన గ్రహానికి వెళ్తుంది. అక్కడ సెజోమ్ అనే ముసలాయన ఒక్కడు మిగిలి ఉంటాడు. సోల్‌డీడ్ చేసిన తప్పే ఆయనా చేశాడు. సెజోమ్‌గా జాన్ బెయిలీ, రొమానాగా లాలా వార్డ్ ఆ సన్నివేశాన్ని ఏ వెకిలితనం లేకుండా చేశారు. ఏడాది ముందు నేను నిద్రపోయి పోగొట్టుకుంది ఇదే. ఆ కొద్ది నిమిషాలూ మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మధ్యలో వచ్చే 'నైట్‌మేర్ ఆఫ్ ఈడెన్' కూడా చూడండి. మాదకద్రవ్యాల రవాణా మీద కథ, ఆలోచన బలమైనది. జంతువుల దుస్తులు దారుణం, షూటింగ్ మధ్యలో దర్శకుడే వెళ్ళిపోయాడు, ట్రిస్ట్ అనే శాస్త్రవేత్త మాట యాస భరించలేం. అయినా చివర్లో పట్టుబడ్డ ట్రిస్ట్ సంజాయిషీ చెప్పబోతే, అప్పటిదాకా గంతులేసిన డాక్టర్ అతని మొహం కూడా చూడకుండా, నెమ్మదిగా, వెళ్ళిపొమ్మంటాడు. అంతే, ఇంకేం అనడు. టామ్ బేకర్‌కి ఎప్పుడు ఆపాలో తెలియదని ఎవరన్నా అంటే నేనిదే చూపిస్తాను.

'ద క్రీచర్ ఫ్రమ్ ద పిట్' సంగతి వేరు. ఆ ఆకుపచ్చ జంతువు గురించి పిల్లలతో కూర్చుని చూసేవాళ్ళకి ముందే హెచ్చరిక: దాని ఆకారం చూసి ఇబ్బంది పడతారు. కానీ డాక్టర్ గోతిలో వేలాడుతూ కొండలెక్కడం నేర్పే పుస్తకం తీస్తాడు, అది టిబెటన్‌లో ఉంటుంది. వెంటనే జేబులోంచి టిబెటన్ నేర్చుకునే పుస్తకం తీస్తాడు. దాని కోసం మిగతాదంతా క్షమించాను.

కాబట్టి మీరు రోజుకొకటి చొప్పున చూడండి, ఇవి శనివారానికొకటి వచ్చేలా తీసినవి. 'నైమన్' మళ్ళీ మొదటి నుంచి వద్దు, మూడో భాగం నుంచి అందుకోండి, అర్థమైపోతుంది. సీజన్ చివరి కథ 'షాడా'ని బీబీసీలో సమ్మె మధ్యలోనే ఆపేసింది. మిగిలిన భాగాలకు యానిమేషన్ జోడించి 2017లో పూర్తి చేశారు. అందులో కేంబ్రిడ్జి నది మీద డాక్టర్, రొమానా పడవలో పోయే దృశ్యం ఉంది. 1983లో, వేర్వేరు నటులు వేసిన డాక్టర్లందరినీ కలిపి కథ తీస్తూ, టామ్ బేకర్ రానంటే ఆ ముక్కనే తెచ్చి అతికించారు.